డిప్సీ పరుగు: ఎవరు ముందు, ఎవరు వెనక, అసలెవరు గీత దగ్గర

శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి గోల్డెన్ గేట్ వంతెన దాటి ఉత్తరానికి వెళ్తే మౌంట్ టమల్పాయస్ అని ఒక కొండ వస్తుంది. ఎత్తు రెండున్నర వేల అడుగుల పైచిలుకు. మన తిరుమల కొండలకంటే తక్కువే, కానీ సముద్రం పక్కనే నిటారుగా లేచి ఉండటం వల్ల ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది. ఆ కొండ భుజం మీదుగా, మిల్ వ్యాలీ అనే ఊరి నుంచి స్టిన్సన్ బీచ్ వరకు, ఏటా జూన్ రెండో ఆదివారం ఒక పరుగుపందెం జరుగుతుంది. దూరం దాదాపు ఏడున్నర మైళ్ళు, అంటే 12 కిలోమీటర్లు. పేరు డిప్సీ. అమెరికాలో అడవిదారుల్లో జరిగే పందేల్లో ఇదే అన్నిటికంటే పాతది, 1905లో మొదలైంది.

2010లో ఈ పందెం గెలిచింది రైలీ జాన్సన్ అనే ఎనిమిదేళ్ళ పాప. 2012లో గెలిచింది హాన్స్ ష్మిడ్ అనే 72 ఏళ్ళ పెద్దాయన. పిల్లల విభాగంలోనో, వృద్ధుల విభాగంలోనో ఇచ్చే ఓదార్పు బహుమతి అనుకునేరు. కాదండీ. మొత్తం పందెం, పదిహేను వందల మందిలో మొదటి స్థానం. వీళ్ళ వెనకాల కాలేజీ జట్లలో పరిగెత్తిన పాతికేళ్ళ కుర్రాళ్ళు రొప్పుకుంటూ వచ్చారు.

కిటుకు ఏమిటంటే, డిప్సీలో అందరూ ఒకేసారి బయల్దేరరు. వయసు, ఆడా మగా అన్నదాన్ని బట్టి ఒక పట్టిక ఉంటుంది. చిన్నపిల్లలు, ముసలివాళ్ళు మొదటి గుంపులో వెళ్తారు. నిమిషానికో గుంపు చొప్పున మిగతావాళ్ళని వదులుతారు. 19 నుంచి 30 ఏళ్ళ మగవాళ్ళకి వచ్చే వెసులుబాటు సున్నా. వాళ్ళని 'స్క్రాచ్' రన్నర్లు అంటారు. ఎక్కువలో ఎక్కువ వెసులుబాటు ఉన్నవాళ్ళు పాతిక నిమిషాల ముందు బయల్దేరి ఉంటారు. ఆ తరవాత లెక్కలేమీ లేవు, సముద్రం ఒడ్డున గీత ఎవరు ముందు దాటితే వాళ్ళే విజేత. ఒకసారి గెలిచినవాళ్ళకి తరవాతి ఏళ్ళలో కొన్ని నిమిషాలు కోత కూడా వేస్తారు. మన భాషలో చెప్పాలంటే నార్మలైజేషన్ అంతా రన్ టైంలో కాకుండా ముందే, ఇన్‌పుట్ దగ్గరే చేసేశారన్నమాట :)

నేను ఈ పందెం చరిత్ర చదవటం మొదలుపెట్టింది ఈ పట్టిక కోసమే. ఎందుకంటే మన ఆఫీసుల్లో, మధ్యాహ్నం భోజనాల దగ్గర, 'మెరిట్' అన్న మాట వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు పరుగుపందెం ఉపమానం తీస్తారు. "ఒలింపిక్స్‌లో రిజర్వేషన్ పెడతారా? ఒకడు పది మీటర్లు ముందు నిలబడితే అది పందెమా?" అని. నూటయిరవై ఏళ్ళుగా సరిగ్గా అలాగే జరుగుతున్న పందెం ఒకటుందని, దానికి చోటు దొరక్క జనం బతిమాలుకుంటారని వాళ్ళకి తెలీదు. ఐతే ఆ చరిత్ర నేననుకున్నంత తీయగా కూడా లేదు. అదే ఇక్కడ చెప్తాను.

కథ ఒక బెట్టుతో మొదలైంది. 1904లో విలియం కెంట్ అనే ధనవంతుడు అప్పట్లో విల్లో క్యాంప్ అని పిలిచే ఇప్పటి స్టిన్సన్ బీచ్ దగ్గర ఇసుకతిన్నె మీద ఒక హోటల్ కట్టించాడు. దాని పేరు డిప్సీ ఇన్. (ఈ కెంట్‌ని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాడు.) గోల్డెన్ గేట్ వంతెన వచ్చింది 1937లో కాబట్టి, అప్పట్లో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి రావాలంటే పడవెక్కి సాసలీటో, అక్కడ రైలెక్కి మిల్ వ్యాలీ, అక్కణ్ణించి కొండ దాటి కాలినడక. ఆ ఏడాది నవంబర్‌లో ఒలింపిక్ క్లబ్ అనే శాన్‌ఫ్రాన్సిస్కో వ్యాయామ క్లబ్బు సభ్యులు కొందరు ఆ హోటలుకి బయల్దేరారు. వాళ్ళలో చార్లెస్ బోయస్, ఆల్ఫన్స్ కోనీ అనే ఇద్దరు, రైల్వేస్టేషన్ నుంచి హోటల్ దాకా ఎవరు ముందు చేరతారో చూద్దామని పందెం కాసుకున్నారు. బోయస్ గెలిచాడు. చూసినవాళ్ళకి ఇది తెగ నచ్చేసింది. మర్నాటి ఏడాదే టిమతీ ఫిట్జ్‌పాట్రిక్ అనే ఆయన పూనుకుని దీన్ని అందరికీ తెరిచిన పందెంగా మార్చాడు. వీళ్ళంతా కలిసి తమ గుంపుకి 'డిప్సీ ఇండియన్స్' అని పేరు పెట్టుకున్నారు. ఇండియన్స్ అంటే మనం కాదు. ఆ కొండకి టమల్పాయస్ అన్న పేరు వచ్చిందే అక్కడి కోస్ట్ మీవాక్ తెగవాళ్ళ భాషలోంచి. ఆ తెగని కొండ మీంచి ఖాళీ చేయించిన తరవాత, నగరం నుంచి వచ్చిన తెల్ల దొరలు సరదాకి వాళ్ళ పేరు తగిలించుకున్నారు. ఈ పందేనికి సంబంధించి గీత లోపలెవరు, బయటెవరు అన్న ప్రశ్న మొదటి రోజు నుంచే ఉందన్నమాట, అడిగినవాళ్ళు లేరంతే.

1905 నవంబర్‌లో జరిగిన మొదటి పందేన్ని జాన్ హాసర్డ్ అనే ఓక్లండ్ హైస్కూల్ కుర్రాడు గెలిచాడు, అదీ ముందు బయల్దేరే వెసులుబాటుతో. అంటే ఈ పద్ధతి తరవాతెప్పుడో దయతలచి కలిపింది కాదు, మొదటి వెర్షన్ నుంచి ఉన్న ఫీచరే. కారణం కూడా ఆదర్శమేమీ కాదు. ఆ రోజుల్లో గుర్రప్పందేల్లో బలమైన గుర్రం మీద బరువు పెట్టటం, పరుగుల్లో వేగంగా ఉరికేవాణ్ణి వెనక నిలబెట్టటం మామూలే. ఎవడు గెలుస్తాడో ముందే తెలిసిపోతే బెట్టు ఎవడు కాస్తాడు? పందెం ఆసక్తిగా ఉండాలంటే చివరిదాకా తేలకూడదు. సమానత్వం అన్నది జూదం పుణ్యమా అని వచ్చింది.

దారి గురించి కాస్త చెప్పాలి, లేకపోతే ఈ నిమిషాల విలువ తెలీదు. మిల్ వ్యాలీ ఊళ్ళోంచి మొదలవగానే మెట్లు. మూడు వరసల్లో మొత్తం 688. తిరుమల మెట్లెక్కినవాళ్ళకి 688 ఒక లెక్కా అనిపిస్తుంది కానీ, వీటిని పరిగెత్తుతూ, ముందు వెళ్ళిన వందల మందిని తప్పించుకుంటూ ఎక్కాలి. మెట్ల వెడల్పు ఇద్దరు పక్కపక్కన పట్టేంత. పైకి వెళ్ళాక విండీ గ్యాప్, అక్కణ్ణించి ఒక్కసారిగా మ్యూర్ వుడ్స్ రెడ్‌వుడ్ అడవి పక్కకి దిగుడు. ఎక్కిందంతా పోయినట్టే. వాగు దాటి మళ్ళీ మొదలు. ఈసారి అసలైన ఎక్కుడు. చెట్ల నీడలోంచి బయటపడి హాగ్స్‌బ్యాక్ అనే గట్టు మీదికి వస్తాం. పేరుకి తగ్గట్టు పందివీపులాగే ఉంటుంది, రెండు పక్కలా పల్లం, నడుమ గడ్డి, నెత్తిన ఎండ. ఆ వీపు మీదుగా పోతూ పోతూ మళ్ళీ అడవిలో దూరి చివరికి కార్డియాక్ హిల్ అనే శిఖరం చేరతారు. దాదాపు 1,360 అడుగులు. పేరెందుకు పెట్టారో వివరించక్కర్లేదు. అక్కడ నిలబడితే ఒక పక్క పసిఫిక్ సముద్రం, ఇంకో పక్క వెనక్కి తిరిగితే మంచు తొలిగిన రోజు శాన్‌ఫ్రాన్సిస్కో నగరం. పందెంలో ఉన్నవాళ్ళెవరూ చూడరనుకోండి. అక్కణ్ణించి అంతా దిగుడే. వేళ్ళు, రాళ్ళు, స్టీప్ రవీన్ లోయలో తడి మెట్లు. ఇంకో విచిత్రం, దారిలో కొన్ని చోట్ల ఎవరికి తోచిన అడ్డదారి వాళ్ళు పట్టొచ్చు. అందుకే ఏళ్ళ తరబడి ఇక్కడ పరిగెత్తిన యాభై ఏళ్ళవాళ్ళు కొత్తగా వచ్చిన వేగగాళ్ళని సులువుగా మోసం చేస్తారు.

మొదటి ఆరు దశాబ్దాలు వెసులుబాటు నిమిషాలు ఎవరికెంతో ఒక పెద్దమనుషుల కమిటీ తేల్చేది. ఒక్కో రన్నర్ పాత పందేలు చూసి, వాడి సత్తా ఇంత అని అంచనా వేసి, ఇన్ని నిమిషాలు అని రాసేవారు. ఇందులో ఉన్న బగ్ మీకు ఇప్పటికే కనిపించి ఉంటుంది. నా సత్తా తక్కువని కమిటీ నమ్మితే నాకు లాభం. కాబట్టి చిన్న పందేల్లో నెమ్మదిగా పరిగెత్తి డిప్సీలో చూపించొచ్చు. ఇక్కడ ఆట ఆడేది కాళ్ళతోనే కాదు, కమిటీతో కూడా. అప్రైజల్ సీజన్‌లో టార్గెట్లు కావాలని తక్కువ రాసుకునేవాళ్ళని చూసినవాళ్ళకి ఇది కొత్త కాదు.

ఆ పద్ధతిలో నలిగినవాళ్ళలో నార్మన్ బ్రైట్ ఒకడు. 1930లలో అమెరికా మేటి దూరపు పరుగు వీరుల్లో ఒకడు. 1937లో ఈ దారిని 47 నిమిషాల 22 సెకన్లలో పూర్తి చేశాడు. ఆ రోజు అందరికంటే వేగం అతనిదే. అయినా పందెం గెలవలేదు, ముందు బయల్దేరిన మరొకరు ముందే చేరారు. ఇక్కడితో ఆగితే ఇది మన భోజనాల బల్ల దగ్గరి కథే. "చూశారా, మెరిట్ ఉన్నవాడికి అన్యాయం." కానీ బ్రైట్ కథ ఇంకా ఉంది. 1960ల నడుమ కమిటీ అంచనాలు పోయి, వయసుని బట్టి అందరికీ ఒకటే పట్టిక వచ్చింది. 1970లో బ్రైట్ మళ్ళీ వచ్చాడు. అప్పటికి అతనికి 60 ఏళ్ళు. ఈసారి ముందు బయల్దేరిన గుంపులో అతనే ఉన్నాడు. గెలిచాడు.

ఇది చదివినప్పుడు నాకు ఒక విషయం అర్థమైంది. డిప్సీ పట్టికని జనం ఎందుకు అంత సులువుగా ఒప్పుకుంటారు? ఇవాళ సున్నా నిమిషాలతో వెనక నిలబడ్డ పాతికేళ్ళ కుర్రాడికి తెలుసు, తనకీ అరవై వస్తాయని. ముసలితనం అందరికీ వచ్చేదే. ఆ వెసులుబాటు ఎవరికో ఇస్తున్న దానంలా అనిపించదు, పీఎఫ్ ఖాతాలో వేసుకుంటున్న డబ్బులా అనిపిస్తుంది. కులం అలా కాదు. ఇవాళ అగ్రకులంలో ఉన్నవాడు అరవయ్యో ఏట దళితుడుగా మారడు. హైదరాబాద్‌లో కార్పొరేట్ కాలేజీలో చదివినవాడు మళ్ళీ వెనక్కెళ్ళి ఆదిలాబాద్ ఏజెన్సీ బళ్ళో చదవడు. అందుకే ఆ పట్టిక మీద అంత కోపం. మన రాష్ట్రంలోనే చూడండి. 1970ల రాష్ట్రపతి ఉత్తర్వుల తరవాత ఇంజనీరింగ్ సీట్లలో 85 శాతం లోకల్ అభ్యర్థులకే. దాన్ని 'మెరిట్ హత్య' అని ఎవరైనా అనగా విన్నారా? నేనైతే వినలేదు. ఎందుకంటే ప్రతివాడూ ఎక్కడో ఒకచోట లోకలే. మనకి ఎప్పటికైనా పనికొచ్చే వెసులుబాటుని న్యాయం అంటాం, పనికిరాని దాన్ని రాయితీ అంటాం.

ఇది నా మాటే, డిప్సీ వాళ్ళెవరూ అనలేదు. కానీ డిప్సీ చరిత్రే దీనికి సాక్ష్యం. ఇంత జాగ్రత్తగా నిమిషాలు తూచిన ఈ పందెం, ఆడవాళ్ళని అరవయ్యారేళ్ళ పాటు గీత దగ్గరికే రానివ్వలేదు.

కాలిఫోర్నియాలో ఆడవాళ్ళకి ఓటుహక్కు 1911లోనే వచ్చింది, అమెరికా మొత్తానికి రావటానికి తొమ్మిదేళ్ళ ముందు. కానీ పరిగెత్తే హక్కు వేరే సంగతి. అప్పట్లో అమెరికా ఆటలన్నిటి మీదా పెత్తనం చేసిన అమెచ్యూర్ అథ్లెటిక్ యూనియన్ ఆడవాళ్ళ దూరపు పరుగుపందేలకి అనుమతి ఇచ్చేది కాదు. 1918లో దీనికో వర్కరౌండ్ కనిపెట్టారు. ఆడవాళ్ళకి విడిగా, ఇదే దారిలో, ఇదే దూరం, కానీ పేరు మాత్రం 'డిప్సీ హైక్'. పరుగు కాదండీ, నడకే. ఏప్రిల్‌లో జరిగిన ఆ మొదటి 'నడక'ని ఈడిత్ హిక్‌మన్ 1 గంట 18 నిమిషాల 48 సెకన్లలో పూర్తి చేసింది. ఈ కొండ ఎక్కి దిగినవాళ్ళని ఎవరినైనా అడగండి, ఆ టైం నడిస్తే వచ్చేదేనా అని. ఇప్పటికీ మంచి షూ, గడియారంలో గుండె లెక్క, జేబులో జెల్ పాకెట్లు ఉన్న మగ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు బోలెడుమంది ఆ టైం అందుకోలేరు. (ఎవర్నీ ఉద్దేశించి కాదు.) 1922లో ఎమ్మా రైమన్ దాన్ని 1 గంట 12 నిమిషాలకి దించింది.

అదే చివరి హైక్. ఇంత శ్రమ ఆడవాళ్ళ ఒంటికి, ముఖ్యంగా పిల్లలు కనటానికి, మంచిది కాదని పెద్దలు అభ్యంతరం చెప్పారు. ఐదేళ్ళు, ఐదు పందేలు, మూసేశారు. ఇది మిల్ వ్యాలీ ఒక్కదాని మూర్ఖత్వం అనుకోనక్కర్లేదు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకి మొదటిసారి 800 మీటర్ల పరుగు పెట్టారు. గీత దాటాక కొందరు అలిసి కూలబడ్డారని పత్రికలు గగ్గోలు పెడితే దాన్ని తీసేశారు. మళ్ళీ 1960లో గానీ రాలేదు. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకి 1,500 మీటర్లు 1972లో, మారథాన్ 1984లో వచ్చాయి.

డిప్సీలోకి ఆడవాళ్ళకి అధికారికంగా ప్రవేశం దొరికింది 1971లో. రెండేళ్ళు తిరక్కుండా, 1973లో, మేరీ ఎటా బోయిటానో మొత్తం పందెం గెలిచింది. ఆమె వయసు పదేళ్ళు. ఒంటికి మంచిది కాదన్న పెద్దల వాదన ఏమైందో మరి.

ఆ కమిటీలో కూర్చున్నవాళ్ళు దుర్మార్గులని నేననను. ఎవడికి మూడు నిమిషాలివ్వాలి, ఎవడికి నాలుగు అని గంటలు గంటలు తలలు పట్టుకున్న మనుషులు వాళ్ళు. పక్కనే ఈడిత్ హిక్‌మన్ అంత బాగా పరిగెత్తితే, ఆమెకి పదో పదిహేనో నిమిషాలిచ్చి గీత దగ్గర నిలబెట్టొచ్చన్న ఆలోచన వాళ్ళకి తట్టలేదు. లెక్క కష్టమై కాదు. వాళ్ళ దగ్గర ఉన్న పద్ధతే చాలు, ఇంకో కాలమ్ కలిపితే సరిపోయేది. చివరికి చేసింది కూడా అదే. కానీ కమిటీలో ఉన్న మగాళ్ళెవరూ రేపు ఆడవాళ్ళు కాబోరు.

ఇక కెంట్ దగ్గరికి వద్దాం. బే ఏరియాలో ఉన్న తెలుగువాళ్ళలో మ్యూర్ వుడ్స్‌కి వెళ్ళనివాళ్ళు అరుదు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చిన రెండో వారమో మూడో వారమో రెడ్‌వుడ్ చెట్ల కింద ఫొటో తప్పనిసరి. డిప్సీ దారి ఆ అడవి పక్క నుంచే పోతుంది. ఆ చెట్లు ఇవాళ ఉన్నాయంటే కెంట్, అతని భార్య ఎలిజబెత్ వల్లే. 1905లో ఆ లోయని 45,000 డాలర్లకి కొన్నారు. అక్కడ నీళ్ళ కంపెనీ ఆనకట్ట కడతానంటే, 1907 చివర్లో 295 ఎకరాలు ప్రభుత్వానికి రాసిచ్చేశారు. 1908 జనవరిలో అధ్యక్షుడు థియోడర్ రూజ్వెల్ట్ దాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించాడు. కెంట్ పేరు పెడతామంటే వద్దు, ప్రకృతి ప్రేమికుడు జాన్ మ్యూర్ పేరు పెట్టండన్నాడు. డిప్సీ దారిలోనే ఉన్న స్టీప్ రవీన్ లోయని కూడా 1928లో, చనిపోయే ముందు, రాష్ట్రానికి ఇచ్చేశాడు. అంటే హోటల్ కట్టి పందేనికి పేరిచ్చినవాడూ ఆయనే, పరిగెత్తే నేలలో చాలా భాగం మిగిల్చినవాడూ ఆయనే. భార్య ఎలిజబెత్ ఆడవాళ్ళ ఓటుహక్కు కోసం వాషింగ్టన్‌లో పోరాడిన మనిషి.

ఇంత మంచి కెంట్ 1911 నుంచి 1917 వరకు కాంగ్రెస్ సభ్యుడు. ఆసియావాళ్ళు కాలిఫోర్నియాకి రాకూడదని, వచ్చినవాళ్ళకి భూమి దక్కకూడదని గట్టిగా వాదించినవాళ్ళలో ఒకడు. అతనొక్కడే కాదు, ఆ రోజుల్లో అక్కడ రాజకీయ నాయకులు చాలామందిది అదే పాట. 1913లో కాలిఫోర్నియా, పౌరసత్వానికి అర్హత లేని విదేశీయులు సాగుభూమి కొనకూడదని చట్టం చేసింది. 1917 ఫిబ్రవరిలో వచ్చిన వలస చట్టం ఇండియాతో సహా ఆసియాలో చాలా భాగానికి ఒక గీత గీసి, దీని లోపల పుట్టిన కూలీలు రాకూడదంది. 1923లో భగత్ సింగ్ తింద్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు 'తెల్లవారు' కారు కాబట్టి పౌరసత్వానికి అనర్హులంది. 1946లో ఏడాదికి వంద మంది అని కాస్త తలుపు తెరిచారు. 1965 చట్టంతో గానీ మనవాళ్ళు పెద్ద సంఖ్యలో రావటం మొదలవలేదు. మనం ఫ్రీమాంట్‌లోనో సన్నీవేల్‌లోనో ఉంటూ శనివారం పొద్దున ఆ దారిలో పరిగెత్తటం వెనక ఉన్నది ఈ వరస.

ఇప్పటికీ గ్రీన్ కార్డు దగ్గర ఒక పట్టిక ఉంది. ఏడాదికిచ్చే వాటిలో ఒక్కో దేశంలో పుట్టినవాళ్ళకి 7 శాతానికి మించకూడదు. అంటే ఇండియాలో పుట్టినందుకు మన గుంపు బయల్దేరేది ఎప్పుడో తెలీదు. హెచ్1బీ మీద ఉన్న ఏ తెలుగు ఇంజనీర్నైనా కదిపి చూడండి, పుట్టుకని బట్టి మనుషుల్ని వెనక నిలబెట్టటం ఎంత అన్యాయమో అరగంట అనర్గళంగా చెప్తాడు. ప్రతి ముక్కా నిజమే. అదే మనిషి వాట్సాప్ గ్రూపులో రిజర్వేషన్ల మీద ఏం ఫార్వర్డ్ చేశాడో మాత్రం అడక్కండి.

జాక్ కర్క్ గురించి చెప్పకుండా డిప్సీ చరిత్ర రాస్తే పాపం తగులుతుంది. 1930లో మొదటిసారి పరిగెత్తాడు. తరవాత, మాంద్యంలోనూ రెండో ప్రపంచయుద్ధంలోనూ పందెమే ఆగిపోయిన ఏళ్ళు తప్పితే, ఒక్కసారి కూడా మానలేదు. వరసగా 67 డిప్సీలు పూర్తి చేశాడు. 1951లో ఒకసారి గెలిచాడు. 1967లో అరవై ఏళ్ళ వయసులో మళ్ళీ గెలిచాడు. చివరిసారి పూర్తి చేసింది 2002లో, 95 ఏళ్ళప్పుడు. తర్వాతి ఏడాది కూడా వచ్చి కార్డియాక్ దాకా ఎక్కాడు. 2007లో నూరేళ్ళు నిండి పోయాడు. ఇలాంటి మనిషి మన దగ్గరుంటే ఈపాటికి గుడి కట్టేవాళ్ళం. అక్కడ మెట్ల మీద ఇప్పటికీ ఆయన పేరు తలుచుకుంటూ ఎక్కుతారు. ఈ పందెంలో అందరికంటే ఎక్కువసార్లు, అంటే ఏడుసార్లు గెలిచిన శాల్ వాస్క్వెజ్ మెక్సికో నుంచి వలస వచ్చినవాడు. మొదటి గెలుపు 1982లో, నలభై దాటాక.

ఇవాళ్టి పట్టిక మీద కూడా గొణుగుడు ఉంది. కుర్రాళ్ళు స్క్రాచ్ నుంచి గెలవటం చాలా అరుదు. మెట్ల మీద వెయ్యిమందిని దాటుకుంటూ వెళ్ళాలి మరి. వాళ్ళకి వేరే బహుమతి ఉంది, అందరికంటే తక్కువ సమయం తీసుకున్నవాళ్ళకి. కానీ అందరూ కోరుకునేది నల్ల చొక్కా. మొదట గీత దాటిన 35 మందికే అది ఇస్తారు. ముప్ఫయ్యారో వాడికి ఏమీ లేదు. అరవై ఏళ్ళ ఆవిడా పదహారేళ్ళ కుర్రాడూ ఆ ముప్ఫయ్యయిదో చొక్కా కోసం ఆఖరి వంద గజాల్లో భుజం భుజం రాసుకుంటూ ఉరకటం ఇంకే పందెంలోనూ చూడలేం. వెసులుబాటు ఇస్తే పోటీ చచ్చిపోతుందనేవాళ్ళు ఒక జూన్ ఆదివారం స్టిన్సన్ బీచ్‌లో నిలబడి చూడాలి. వెళ్ళాలనుకుంటే పొద్దున్నే బయల్దేరండి, ఆ రోజు పార్కింగ్ దొరకదు.

2021లో మ్యూర్ వుడ్స్‌లో అటవీ రేంజర్లు ఒక పని చేశారు. ఆ అడవి ఎలా దక్కిందో చెప్పే పాత బోర్డు ఒకటి ఉంది. దాని నిండా కెంట్, రూజ్వెల్ట్ లాంటి మగ మహానుభావులే. దాన్ని తీసేయకుండా, దాని మీదే పసుపురంగు చీటీలు అంటించి, వదిలేసిన సంగతులు చేర్చారు. మీవాక్ తెగ సంగతి, అడవిని కాపాడాలని కెంట్‌కంటే ముందే కదిలిన మహిళా సంఘాల సంగతి, కెంట్ ఆసియా వ్యతిరేకత సంగతి. పైన 'చరిత్ర నిర్మాణంలో ఉంది' అని పెట్టారు. అతను చేసిన మేలు ఒక్క అక్షరం కూడా చెరపలేదు. 2025 జూలైలో, జాతీయ పార్కుల్లో అమెరికా చరిత్రని చిన్నబుచ్చే రాతలు ఉండకూడదన్న ప్రభుత్వ ఆదేశాల కింద, ఆ చీటీలన్నీ పీకేశారు.